పెరటితోట - విద్యార్థి కర్తవ్యం

కూరగాయల ధర తెలియని విద్యార్థి నేడు లేడు. కూరగాయ పువ్వు తెలిసిన విద్యార్థి మాత్రం బహు అరుదు. టమాటా ధర పెరిగిందనీ, హాస్టలులో పప్పు నీళ్లవుతున్నదనీ ప్రతిదినం మాట్లాడుకొంటాం. కాని బీరపువ్వు ఏ రంగులో ఉంటుంది, అది ఏ వేళ విచ్చుకొంటుంది అని ప్రశ్నిస్తే సమాధానం చెప్పగలవారు తరగతికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారని నమ్మలేం. పట్టా పుచ్చుకొని లోకంలోకి వెళ్లబోయే యువతీయువకులకు తాము రోజూ తినే కూర ఏ విధంగా పుట్టి, ఏ విధంగా పెరిగి, ఎవరి చేతుల మీదుగా తమ కంచంలోకి వచ్చిందో తెలియకపోవడం చిన్న లోపం కాదు. ఈ లోపాన్ని తీర్చుకొనే మార్గం మన తలపైనే, అనగా కళాశాల డాబా మీదనే, ఉన్నదని విద్యార్థి సోదరసోదరీమణులకూ, కమిటీ పెద్దలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదుకు తోటలు కొత్తవి కావు. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట మొదలైన పేర్లే అందుకు సాక్ష్యం. పబ్లిక్ గార్డెన్స్‌ను పాతతరం వారు నేటికీ బాగే ఆం అనే పిలుస్తారు. ఉర్దూలో ఖానాబాగ్ అన్నా, తెలుగులో పెరడు అన్నా వస్తువు ఒక్కటే. ఇంటిని ఆనుకొని నాలుగు కూరమొక్కలు, ఒక కరివేపచెట్టు, ఒక మునగచెట్టు ఉండే జాగా. ఇంటి ఆవరణలో పందిరి వేసి ద్రాక్ష పాకించిన కుటుంబాలు ఈ నగరంలో ఉండేవి. హైదరాబాదు పేరును దేశమంతటా వినిపించిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరు ఉర్దూ ఫారసీలది, పండించిన చేయి తెలుగు రైతుది.

మన పరిసరాల పేర్లు కూడా ఈ కలయికనే చాటుతున్నాయి. ఫారసీ 'పంజ్' అనగా ఐదు; దానికి తెలుగు 'గుట్ట' చేరి పంజాగుట్ట అయిందని పెద్దలు చెబుతారు. 'అమీర్'కు 'పేట' చేరి అమీర్‌పేట అయింది. నేడు ఆ గుట్టలు కనిపించవు, పెరళ్లూ కనిపించవు. సంజీవరెడ్డినగర్, అమీర్‌పేట ప్రాంతాలలో ఆవరణ గల ఇళ్లు ఒక్కొక్కటిగా కూలి, వాటి స్థానంలో అంతస్తుల మేడలు, శిక్షణ సంస్థలు, హాస్టళ్లు లేచాయి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చిన తరువాత అమీర్‌పేట రెండు మార్గాలు కలిసే కూడలి అయింది. మైత్రీవనం అనే భవనం పేరులో వనం మిగిలింది. దాని చుట్టూ చూస్తే పైనుండి కిందివరకు బోర్డులే తప్ప ఆకు కనిపించదు. ఇందుకు ఎవరినీ నిందించి ప్రయోజనం లేదు. నగరం పెరుగుతుంది, నేల తరుగుతుంది. కాని నేలమీద పోయిన జాగా అంత జాగా కప్పుమీద మిగిలి ఉన్నదన్న సంగతిని మనం గమనించడం లేదు. ఎండకు కాగుతూ, విరిగిన బెంచీలు మోస్తూ, వానకు తడుస్తూ అది ఊరకే పడి ఉన్నది.

చరిత్రను పరిశీలిస్తే, కష్టకాలం వచ్చినప్పుడు మాత్రమే ప్రభుత్వాలకు పెరటితోట గుర్తుకు వచ్చినట్లు తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైన 1939లో బ్రిటన్ తన పౌరులను పెరళ్లు తవ్వి కూరగాయలు పండించమని పిలిచింది. అమెరికాలో 1943 నాటికి సుమారు రెండు కోట్ల గృహోద్యానాలు వెలిశాయని చెబుతారు. మనదేశంలో కూడా ఆ కాలంలోనే ఆహారోత్పత్తిని పెంచే ఉద్యమం మొదలైంది. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమై, చమురు, ఎరువులు రాక నిలిచిపోయినప్పుడు క్యూబా రాజధాని హవానాలో ఖాళీ స్థలాలన్నీ కాయగూరల మళ్లుగా మారాయి. మన కళ్లముందే 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకొన్న రోజులలో, మేడమీది నాలుగు కుండీల విలువ ఏమిటో ఎన్నో కుటుంబాలు తెలుసుకొన్నాయి. యుద్ధం ముగియగానే ఆ దేశాలలో చాలా తోటలు గడ్డి మొలిచిపోయాయి. మనవి కూడా అంతే. దాహం వేసినప్పుడు బావి తవ్వే అలవాటు మనుష్యులందరిదీ కాబోలు! విద్యాసంస్థ ఆ అలవాటుకు లొంగకూడదని నా అభిప్రాయం.

ఈ విషయంలో రెండు రకాల అతివాదాలు వినవస్తున్నాయి. తీరిక, సంపద గలవారి వినోదం తప్ప ఇందులో ఏమీ లేదని కొందరంటారు. మేడమీద తోట వేస్తే చాలు, కూరగాయల బజారుకే వెళ్లనక్కరలేదని మరికొందరంటారు. రెండూ సరికావు. లెక్క చూద్దాం. మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నలుగురున్న కుటుంబానికి ఇది రోజుకు 1,600 గ్రాములు, ఏడాదికి 584 కిలోలు. పది, పదిహేను కుండీలు దీనిని ఎన్నటికీ తీర్చలేవు. ఎర్రగడ్డ రైతుబజారుకు సంచి పట్టుకొని వెళ్లక తప్పదు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్ల స్థానాన్ని డాబాలు ఆక్రమించనూలేవు, ఆక్రమించనూ కూడదు. అక్కడ అమ్మే రైతుకూ బతుకు కావాలి. కాని కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, మెంతికూర, పాలకూర, తోటకూర, పుంటికూర, పచ్చిమిరప వంటివి ఇంటి అవసరానికి చాలామట్టుకు ఇంటిమీదనే పండుతాయి. వాడిపోక ముందే వండవలసినవి, కోసిన గంటలోనే రుచి చూపగలిగినవి ఇవే.

ఆకుకూరల విషయంలో మరొక కారణం కూడా ఉంది. మూసీ నది వెంట మురుగునీటితో పశుగ్రాసం, ఆకుకూరలు పండించడం చాలాకాలంగా సాగుతున్న వ్యవహారం. పొట్టకూటికి ఆ నీటిని వాడుకొనే రైతును తప్పుపట్టలేం. నదిని మురికి చేసినది నగరమే. అయినా ఏ నీటితో పెరిగిన ఆకు మన కడుపులోకి వెళుతున్నదో తెలుసుకొనే హక్కు మనకున్నది. తాను పోసిన నీరు తనకు తెలుసు గనుక, పెరటితోట పెంచేవాడికి ఈ అనుమానం ఉండదు.

ఇక విద్య సంగతి. చేతిపనిని చదువుకు కేంద్రంగా చేయాలన్న ఆలోచనను 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధా సమావేశం ముందుంచారు. దానికి పాఠ్యప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకీర్ హుస్సేన్. తరువాత 1967లో రాష్ట్రపతి పదవినలంకరించిన ఆ మహనీయుడు 1897లో జన్మించినది మన హైదరాబాదులోనే. నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయంతోపాటు పండ్ల, కూరగాయల తోటపని కూడా ఆ సంఘం సూచించిన మూలవృత్తులలో ఒకటి. ఆ ప్రణాళిక దేశంలో ఆశించినంతగా అమలు కాలేదన్నది నిజమే. కాని చేయి చేసిన పనిని మనసు మరచిపోదన్న దాని మూలసూత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

బీరతీగనే ఉదాహరణగా తీసుకొందాం. ఒకే తీగకు మగపువ్వులూ, ఆడపువ్వులూ వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు కింద వేలెడంత పిందె ముందే కనిపిస్తుంది. పసుపుపచ్చని ఆ పువ్వులు విచ్చుకొనేది సాయంసమయంలో. అమీర్‌పేటలో ఐదవ అంతస్తు మీదికి ఆ వేళ ఏ కీటకం ఎగిరి వస్తుంది? రాకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. అప్పుడు మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వుకు మన చేతితోనే తాకించాలి. పరాగసంపర్కమనే పదాన్ని పరీక్షకు వల్లెవేసిన విద్యార్థి ఈ పని ఒక్కసారి చేసి, నాలుగు రోజులకు ఆ పిందె సాగడం చూస్తే, ఆ పాఠం అతనికి జీవితాంతం గుర్తుంటుంది.

కోతలో కూడా ఒక శాస్త్రం ఉన్నది. బెండకాయను పువ్వు రాలిన ఐదారు రోజులలో లేతగా కోయాలి. జాలిపడి ఉంచితే కాయ ముదిరి పీచుబారడమే కాదు, మొక్క తన శక్తినంతా గింజలకిచ్చి కొత్తపూత తగ్గించుకొంటుంది. రెండు మూడు రోజులకొకసారి కోసేవాడికి మొక్క మళ్లీ మళ్లీ ఇస్తూనే ఉంటుంది. పాలకూరను వేళ్లతో పీకక, మొదలుకు రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. తోటకూర తల తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది. మొదటి నాటు కాయలలో బాగున్నదానిని ఒకటి విత్తనానికి వదలాలి. అయితే దుకాణంలో కొన్న సంకర విత్తనం రెండవ తరంలో అదే గుణం చూపదు గనుక, దేశవాళీ విత్తనమే దాచుకోదగినది. పంచితే పెరిగేది విద్య ఒక్కటేనని పెద్దలన్నారు; బెండమొక్కను కూడా ఆ జాబితాలో చేర్చవచ్చు.

పంటల కాలం మన చదువు సంవత్సరానికి చక్కగా సరిపోతుంది. జూన్, జులై మాసాలలో తొలకరితోపాటు బెండ, బీర, సొర, కాకర, పుంటికూర విత్తాలి. అక్టోబరులో టమాటా, వంగ, ముల్లంగి, పాలకూర, మెంతికూర, కొత్తిమీర మొదలుపెట్టాలి. మెంతికూర నెల తిరగకముందే చేతికి వస్తుంది. బెండ నెలన్నరకు మొదటి కాపు ఇస్తుంది. టమాటా నారు నాటిన రెండు నెలలకు గాని పండదు. త్వరగా ఫలితం కోరేవాడికీ, ఓపిక పట్టగలవాడికీ తోటలో చోటున్నది. మార్చి చివరికి పంట ముగించి, సెలవులలో కుండీల మట్టిని డాబా మీద పలుచగా పరిస్తే, ఏప్రిల్, మే మాసాల ఎండ దానిలోని పురుగుల గుడ్లనూ, తెగులునూ చాలావరకు చంపుతుంది. వేసవి సెలవులలో నీళ్లెవరు పోస్తారన్న ప్రశ్నకు ఇదే సమాధానం.

పెద్దలు లేవదీయగల ఆక్షేపణలను కూడా దాచకుండా చర్చించడం న్యాయం.

మొదటిది కప్పు బలం. ఇది నిజమైన భయమే. జనం తిరుగాడే డాబాలను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు మోసేటట్లు లెక్కగడతారు. తడిసిన మట్టి ఘనపు మీటరు 1,700 కిలోలకు తక్కువ ఉండదు. అనగా అడుగు మందాన డాబా అంతా మట్టి పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. కాబట్టి మళ్లు కట్టడం మన భవనానికి తగదు. ఎర్రమట్టి, పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపిన తేలికపాటి మిశ్రమాన్ని కుండీలలో నింపి, గోడల వెంటా, దూలాల పైనా మాత్రమే వరుసగా ఉంచాలి. ముందుగా ఇంజనీరు చూసి ఒప్పుకోనిదే ఒక్క కుండీ కూడా పైకెక్కరాదు.

రెండవది నీరు. కృష్ణా, గోదావరి జలాలను నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి ఎత్తిపోసి ఈ నగరానికి తెస్తున్నారు. అట్టి నీటిని మొక్కలకు పోయడం భావ్యమా అని అడగవచ్చు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడే వాన 80,000 లీటర్లు. ఐదవ వంతు వృథా అయినా 64,000 లీటర్లు మిగులుతాయి. నూరు కుండీలకు రోజుకు నూరు లీటర్లు చాలుననుకొంటే, 5,000 లీటర్ల తొట్టి ఒకసారి నిండితే యాభై రోజులు గడుస్తాయి. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు దీనికి అదనం.

మూడవది దోమలు. కుండీల కింది పళ్లేలలో నిలిచిన శుభ్రమైన నీటిలోనే డెంగ్యూను వ్యాపింపజేసే దోమ గుడ్లు పెడుతుంది. వారానికొకసారి పళ్లేలు బోర్లించాలి. తొట్టికి బిగువైన మూత ఉండాలి. నాలుగవది రోడ్డు దుమ్ము. దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 సంవత్సరంలో నిలిచిపోయింది గాని, సీసం మట్టిలోనుండి సులభంగా పోదు. అందుచేత పంజాగుట్ట రోడ్డుపక్క మట్టిని తెచ్చి కుండీలు నింపరాదు. ఆకుకూరను రెండు మూడు నీళ్లలో కడగక వండరాదు. ఇక పేనుబంక, పిండినల్లి వంటి పురుగులకు లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లితే చాలు.

వీటన్నిటికంటె పెద్ద ఆక్షేపణ ఒకటున్నది. దానిని ఎవరూ పైకి చెప్పరు. మట్టిపని మన పని కాదన్న భావం అది. తోట కావాలి, తోటకు మాలీ కావాలి. పువ్వు మనది, పేడ అతనిది! ఇళ్లలో కూడా తోట పేరు యజమానిది, రెండు పూటలా నీళ్లు మోసేది ఇల్లాలో, పనిమనిషో. కళాశాలలో మాలీని నియమించి డాబా మీద కాయగూరలు పండించడం సులభమే. కాని అప్పుడు తోట ఉంటుంది, చదువు ఉండదు. వార్షికోత్సవంనాడు అతిథులకు చూపించే అలంకారంగా అది మిగిలిపోతుంది. అబ్బాయిలూ, అమ్మాయిలూ సమానంగా వంతులు వేసుకొని ఎరువు కలిపి, నీళ్లు మోసి, పురుగులేరి, కోసి, తూచి, పద్దు రాసినప్పుడే అది విద్య అవుతుంది. కిలో మెంతికూర వెనుక ఎంత నడుం నొప్పి ఉన్నదో తెలిసినవాడు రైతుబజారులో రూపాయి కోసం ముసలమ్మతో గీచిగీచి బేరమాడడు.

మిద్దెమీద పంట సాధ్యమా అని సందేహించేవారికి మన చుట్టుపక్కలనే నిదర్శనం ఉన్నది. ప్రసిద్ధ కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నగర శివారైన నారపల్లిలో తమ ఇంటి మీద తోట పెంచి, ఆ అనుభవాన్ని 'మిద్దెతోట' అనే పుస్తకంగా రాశారు. కలం పట్టిన చేతికి పార బరువు కాదని ఆయన నిరూపించారు.

మన కళాశాలకు మాత్రమే గల ప్రత్యేకతను గూర్చి కూడా రెండు మాటలు. ఇక్కడ ఉర్దూ మాట్లాడేవారూ, తెలుగు మాట్లాడేవారూ ఒకే బల్లపై కూర్చొంటారు. ఒకరి భాష ఒకరికి సగం వచ్చు, సగం రాదు. కూరగాయల దగ్గర మాత్రం ఆ సగమూ నిండుతుంది. మన కొత్తిమీర దక్కనీలో కొత్మీర్, కరివేపాకు కరేపాక్. వారి పుదీనా మన తెలుగులో పుదీనాయే. పుంటికూరను వారు అంబాడా అంటారు. గోంగూర మాంసం ఒక ఇంట్లో, అంబాడా గోష్త్ మరొక ఇంట్లో. గుత్తివంకాయకూ బఘారే బైగన్‌కూ చుట్టరికం ఉందని నాలుక మీదే తెలుస్తుంది. వంకాయ ఈ దేశపుదే. మిరప, టమాటా సముద్రాలు దాటి అమెరికా ఖండాల నుండి వచ్చాయి. నేడు మిరప లేని తెలుగు వంట, హైదరాబాదీ వంట ఊహకైనా అందుతుందా? కుండీలోని మట్టి ఏ విత్తనాన్నీ నీ ఊరేదని అడగదు. ఒక కుండీ దగ్గర ఇద్దరు విద్యార్థులు, ఒకరు ఉర్దూవారు, ఒకరు తెలుగువారు, ఏడాదిపాటు కలిసి పనిచేస్తే కలిగే స్నేహం, ఐక్యతను గూర్చి ఏడు ఉపన్యాసాలు విన్నా కలగదు.

కావున కమిటీ పెద్దలకు ఈ క్రింది విజ్ఞప్తులు చేస్తున్నాను. ఇంజనీరు పరీక్ష అయిన తరువాత డాబాలో ఒక భాగాన్ని నూరు కుండీలకు కేటాయించాలి. వాననీటి గొట్టాన్ని మూతగల తొట్టికి కలపాలి. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకంలో విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయవలసి ఉన్నది గనుక, తోటపనిని అందులో లెక్కించే అవకాశాన్ని పరిశీలించాలి. వృక్షశాస్త్ర విద్యార్థులు పూత, కాపుల వివరాలు, వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఖర్చు, దిగుబడుల పద్దు, భాషా విద్యార్థులు ప్రతి మొక్క పేరు రెండు లిపులలో రాసే బాధ్యత తీసుకోవాలి. కోసిన పంట మొదట హాస్టలు వంటశాలకు, మిగిలినది కళాశాలను ఊడ్చి శుభ్రం చేసే సిబ్బంది ఇళ్లకు చేరాలి. ఎంత ఖర్చయింది, ఎన్ని కిలోలు వచ్చిందన్న లెక్కను నెలకొకసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. లెక్క తక్కువ వచ్చినా దాచనక్కరలేదు. తక్కువ ఎందుకు వచ్చిందో ఆలోచించడమూ చదువే.

విద్యార్థి మిత్రులారా! కమిటీ నిర్ణయం కోసం ఎదురుచూస్తూ కూర్చొననవసరం లేదు. మీ ఇంటి కిటికీ ముందు, హాస్టలు గది వసారాలో చారెడు ఎండ పడే చోటున్నదా? వంటింటి డబ్బాలోని మెంతులు గుప్పెడు తీసి ఒక రాత్రి నానబెట్టండి. అడుగున చిల్లులు పెట్టిన పాత బకెట్టులో మట్టి నింపి, పైపైన చల్లి, పలుచగా మట్టి కప్పి తడపండి. వారంలోగా మొలక కనబడుతుంది. మొదటి కోత వచ్చిననాడు అందులో సగం పక్కగది మిత్రునికి ఇవ్వండి; మిగిలిన సగం పప్పులో వేయించుకోండి. ఆపైన ఈ వ్యాసంలో చెప్పిన మాటలకు మీకే ఎక్కువ మాటలు తోస్తాయి.